వీశె: కొండెక్కి వచ్చిన తూకం

మా బడిలో ఐదో తరగతికి కొలతల పాఠం చెప్పినప్పుడల్లా ఒక చిక్కు వస్తుంది. పుస్తకంలో గ్రాము, కిలో, క్వింటా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పాత కొలతలు రాసుకు రమ్మంటే పిల్లలు కుంచం, అడ్డ, మానిక, సోల అని రాసుకొస్తారు. వాటి మధ్య అప్పుడప్పుడు 'వీశె' అనే మాట కూడా ఉంటుంది. వీశె అంటే ఎంత అని అడిగితే ఇంటికో జవాబు. ఒకరు కిలో అన్నారు, ఒకరు కిలోన్నర అన్నారు. ఒక ముసలవ్వ మాత్రం "సావుకారి రాయి ఎంతయితే అంత" అని మనవడితో చెప్పి పంపింది. ఈ వ్యాసం రాయాలని మాకు అనిపించింది ఆ జవాబు వల్లే.

మా విశాఖ మన్యం మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో సంతల్లో నడిచిన లెక్క ఇది. మూడు తులాలు ఒక పలం. ఎనిమిది పలాలు ఒక శేరు. ఐదు శేర్లు ఒక వీశె. అంటే వీశెకు 40 పలాలు, 120 తులాలు. ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. వీశెలో పావు భాగం పది పలాలు, దాన్ని పదలం అన్నారు. అందులో సగం ఐదు పలాలు, అది ఏబలం. నేటి లెక్కలో వీశె సుమారు 1 కిలో 400 గ్రాములు, మణుగు 11 కిలోల 200 గ్రాములు. పదహారో వంతును చెప్పే 'వీసం' వేరు, ఈ వీశె వేరు. పిల్లలే కాదు, పెద్దలు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

పేరు ఒకటే అయినా బరువు ఒకటి కాకపోవడం ఈ లెక్కలో పెద్ద ప్రమాదం. మద్రాసు శేరు 24 తులాలయితే ఉత్తరాదిన బెంగాలు శేరు 80 తులాలు. మద్రాసు మణుగు 11 కిలోల పైచిలుకు, బెంగాలు మణుగు 37 కిలోల పైచిలుకు. ఇంగ్లీషు వర్తకులు తమ సౌకర్యం కోసం మద్రాసు మణుగును 25 పౌనులుగా లెక్కేశారు. తులాల ప్రకారం కడితే మణుగుకు 140 గ్రాముల తేడా వస్తుంది. ఒక మణుగు అమ్మేవాడికి అది కనిపించదు. బారువలకు బారువలు కొనేవాడికి బాగా కనిపిస్తుంది.

తులం బరువు ఎవరికైనా తెలిసేదే. 1835 నుంచి కంపెనీ ముద్రించిన వెండి రూపాయి సరిగ్గా ఒక తులం తూగేది. త్రాసులో ఒక పళ్లెంలో 24 కొత్త రూపాయలు వేస్తే శేరు, 120 వేస్తే వీశె. రాయి మంచిదో కాదో తేల్చుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. కానీ చింతపండు మోసుకొచ్చి ఉప్పు మోసుకెళ్లే మనిషి దగ్గర 120 వెండి రూపాయలు ఎక్కడివి? తూకాన్ని సరిచూసే సాధనం కూడా సావుకారి పెట్టెలోనే ఉండేది.

మా ఇళ్లలో గింజలు తూచడం లేదు, కొలవడమే. చోళ్లు, సామలు, ధాన్యం అన్నీ కుంచంతోనో అడ్డతోనో కొలిచేవారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మొదటి కుంచం పోసేటప్పుడు 'ఒకటి' అనకుండా 'లాభం' అని, తరువాత రెండు, మూడు అని లెక్కపెట్టేవారు. ఇది పల్లంలోనూ ఉన్న ఆచారమే. కొలతలోనూ మోసం ఉంటుంది, లేదనడం లేదు. అడుగు మందంగా చేయవచ్చు, రాశిగా పోయాల్సింది తలకొట్టి పోయవచ్చు. అయితే గింజ గిన్నెలో నిండిందో లేదో ఇద్దరికీ కనిపిస్తుంది. ఇచ్చేవాడు చూస్తాడు, పుచ్చుకునేవాడు చూస్తాడు, గట్టు మీద కూర్చున్న ముసలాయన కూడా చూసి "అది నిండలేదురా" అంటాడు. రాయి లోపల ఎంత బరువుందో ఎవరికి కనిపిస్తుంది?

చింతపండు, కరక్కాయలు, పిప్పళ్లు, పసుపు సంతకు వెళ్లాయంటే రాయి కిందికి వెళ్లినట్టే. కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఒక రాయి ఉండేవని మా పెద్దలందరూ చెప్పేవారు. మేము పిల్లల చేత ఈ లెక్క చేయిస్తాం: వీశెకు ఒక్క పలం ఎక్కువ లాగితే మణుగుకు ఎంత పోతుంది? ఎనిమిది పలాలు, అంటే ఒక శేరు. బారువకు ఇరవై శేర్లు, అంటే నాలుగు వీశెలు. చింతచెట్టు ఎక్కి దులిపి, పెంకు తీసి, గింజ తీసి, కావిడి కట్టి దిగిన పండు అది.

మా తాత దీనికి ఒక ఉపాయం చేశాడు. వాగులో నున్నని గుండ్రాయి ఒకటి ఏరి, పల్లంలో నమ్మకస్తుడైన ఒక కోమటి దుకాణంలో వీశె రాయితో సరితూచి ఇంటికి తెచ్చుకున్నాడు. వెదురుకర్రకు రెండు బుట్టలు కట్టి ఇంట్లోనే తూచి సంతకు బయలుదేరేవాడు. ఇంట్లో ఎనిమిది వీశెలు తూగిన పండు సంతలో ఏడుకు దిగింది. అడిగితే ఆ వ్యాపారి నవ్వి, "నీది వాగురాయి, నాది తూకపురాయి" అన్నాడట. తాత చదువుకోలేదు. రాయి మీద ముద్ర లేకపోతే తన లెక్క నిజమైనా చెల్లదని ఆ రోజే అర్థమయిందని చెప్పేవాడు.

1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి కిలో రాళ్లు దేశంలో అంచెలంచెలుగా దిగాయి. దేశమంతటా ఒకే తూకం ఉండాలన్నది మంచి ఆలోచన, కాదనం. కానీ కొండ మీద ఆ మార్పు నడిచిన కొన్నేళ్లు కొత్త మోసానికి దారి దొరికింది. కొనేటప్పుడు కిలో ధర చెప్పి వీశె రాయి వేసేవారట. ఐదు సార్లు తూచితే ఏడు కిలోలు పోతాయి, చేతికి ఐదు కిలోల డబ్బు వస్తుంది. ఉప్పు అమ్మేటప్పుడు వీశె ధర చెప్పి కిలో రాయి వేసేవారట. ఆ అవ్వ జవాబు వెనక ఈ ఏళ్ల అనుభవం ఉందని మేము అనుకుంటున్నాం. అదే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ సరుకు కొనడం మొదలుపెట్టింది. దాంతో అమ్ముకునే చోటు ఇంకొకటి దొరికింది. సంతలు మాత్రం సంతలుగానే ఉన్నాయి.

తాత రాయి ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది. దాన్ని బడికి తెచ్చి తూచాం. 1 కిలో 380 గ్రాములు వచ్చింది. ఒక పక్క చిన్న పెచ్చు ఊడింది కాబట్టి తాత లెక్క సరిగానే ఉన్నట్టు.

ఇప్పుడు సంతలో రాళ్లు తగ్గి అంకెలు వెలిగే కాటాలు వచ్చాయి. అంకె చదవడం పిల్లలకు వచ్చు. అంకె నిజమా కాదా అన్నది పాత ప్రశ్నే. 1996 నాటి పెసా చట్టం ఊరి సంతల నిర్వహణను మా గ్రామసభలకు, పంచాయతీలకు ఇచ్చింది. ఏ గ్రామసభ అయినా తన సంతలో ఒక సరైన తూకం పెట్టుకోవచ్చు. అది జరిగే వరకు మేము పిల్లలకు ఒక పని నేర్పాం. సంతకు వెళ్లేటప్పుడు విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ ఒకటి తీసుకెళ్లి, చింతపండు కంటే ముందు దాన్ని కాటా మీద పెట్టమన్నాం.

మొన్నటి చింతపండు రోజుల్లో ఏడో తరగతి పిల్ల ఒకతె అలాగే పెట్టింది. కాటా 920 చూపించింది. వ్యాపారి ఏమీ అనకుండా దాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేశాడు. రెండోసారి కిలో చూపించింది. అప్పుడు వాళ్లమ్మ బుట్ట దించింది.