నూరిళ్లకు చేరిన హరివిల్లు

ఎరుపుతో మొదలై నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం మీదుగా ఊదాకు చేరే రంగుల పట్టీలు. ముఖమైనా, చెట్టయినా, మబ్బయినా ఈ వరసతోనే నిండి ఉంటుంది. కింది అంచున పెన్సిల్ సంతకం, పక్కనే మొత్తం ప్రతుల్లో ఇది ఎన్నోదో చెప్పే అంకె. జపాన్ చిత్రకారుడు ఐ-ఓ స్క్రీన్ ప్రింట్‌ను ఒకసారి చూస్తే చాలు, మరోచోట ఎక్కడ కనబడినా పోల్చుకుంటాం.

ఐ-ఓ అసలు పేరు తకావో ఈజిమా. 1931లో ఇబారకి ప్రాంతంలో పుట్టాడు. యుద్ధంలో జపాన్ ఓడిపోయేనాటికి పద్నాలుగేళ్ల కుర్రాడు. టోక్యోలో చదువుకుంటూనే డెమొక్రాటో అనే కళాకారుల బృందంలో చేరాడు. 1951లో ఎయ్ క్యూ అనే చిత్రకారుడు ఒసాకాలో స్థాపించిన ఆ బృందానికి కళాసంఘాల పెత్తనమంటే గిట్టదు. వీళ్లకు అండగా నిలిచిన విమర్శకుడు సదజిరో కుబో, మంచి బొమ్మ సామాన్యుడి ఇంటి గోడ మీద ఉండాలని పట్టుబట్టినవాడు. అందుకు దారి ప్రింట్లేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం బృందంలోనివాళ్లలోనూ నాటుకుంది.

1958లో ఐ-ఓ న్యూయార్క్ వెళ్లాడు. అక్కడ తన చిత్రాల మీదే పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు గీసి కొట్టేశాడు. చివరికి సొంత రంగుల ఎంపికనే వదులుకుని, వెలుతురులో సహజంగా ఉన్న వరసనే తీసుకున్నాడు. జార్జ్ మచూనస్ నడిపిన ఫ్లక్సస్ అనే ప్రయోగాత్మక కళాకారుల బృందంలో ఉంటూ 1964లో 'ఫింగర్ బాక్స్' చేశాడు. పెట్టె కంతలో వేలు పెట్టి లోపలున్నదాన్ని స్పర్శతో తెలుసుకోవాలి. 1966 వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో జపాన్ తరఫున ఏకంగా ఒక హరివిల్లు గదినే నిలబెట్టాడు.

అయితే ఆ హరివిల్లును ఇళ్లకు చేర్చింది స్క్రీన్ ప్రింటే. మన ఊళ్లలో శుభలేఖలు అచ్చువేసే పద్ధతి లాంటిదే ఇదీ. చట్రానికి బిగించిన సన్నని వలగుడ్డలో అక్కర్లేని చోట్ల కన్నాలు మూసేసి, రబ్బరు పట్టీతో సిరాను కిందికి నొక్కుతారు. మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో తెర కావాలి. ముందు రంగు ఆరాకే తర్వాతిది. కాగితం వెంట్రుకవాసి జరిగినా పట్టీల మధ్య తెల్లటి గీత బయటపడుతుంది, లేదా ఒక రంగు మరోదాని మీదికి ఎక్కుతుంది. ఇరవై రంగుల బొమ్మ నూరు ప్రతులు కావాలంటే రెండువేల సార్లు చెయ్యి తప్పకూడదు. ఐ-ఓ కోసం ఆ కష్టం పడినవాళ్లు తొకుజో ఒకబే, ఆ తర్వాత కెన్‌ర్యో సుకెదా.

ఇక్కడే చరిత్ర ఒక చుట్టు తిరిగి వచ్చింది. జపాన్‌లో 'ఎదో' అనే పాత పాలనాకాలపు ఉకియో-ఎ చెక్క అచ్చుబొమ్మల్లో గీసేవాడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు వేర్వేరు మనుషులు. ఇరవయ్యో శతాబ్దంలో 'సోసకు హంగ' ఉద్యమం వచ్చి, మూడు పనులూ కళాకారుడొక్కడే చేస్తేనే అది కళ అంది. ఐ-ఓ మళ్లీ పాత పనివాళ్ల పద్ధతికే వచ్చాడు. 1970లో ఆ ఉకియో-ఎ చిత్రకారుల్లో ఒకడైన హొకుసాయ్ బొమ్మనే తీసుకుని 54 ముక్కలుగా 'రెయిన్‌బో హొకుసాయ్' చేశాడు. తన చేతివాటాన్ని చెరిపేసుకోవాలనుకున్న ఆధునికుడికి, నలుగురి చేతులతో నడిచిన పాత కార్ఖానాయే సరిపోయింది.

1987లో పారిస్ ఐఫిల్ టవర్ నుంచి 300 మీటర్ల హరివిల్లు పట్టీని వేలాడదీశాడు. 2023లో వాషింగ్టన్ స్మిత్సోనియన్ ఆసియా కళా మ్యూజియం ఆయన ప్రింట్లతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అలాంటి ప్రింట్ ఎదురైతే అంచున ఉన్న అంకెను ధరకు గుర్తుగా మాత్రమే చూడకండి. అన్నిసార్లు గురి తప్పకుండా పనిచేసిన చేతుల లెక్క అది. కళాకారుడి సంతకంతో పాటు అచ్చుకారుడి పేరు కూడా చదవడం మనం అలవాటు చేసుకోవాలి.