మన గది మీద అధికారం ఎవరిది?

మలేషియాలో మనం పడుకునే గది మీద అధికారం ఒక్క ఆఫీసుది కాదు. దీనికి ఒక చరిత్ర ఉంది.

1957లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి జార్జ్ టౌన్ లాంటి ఊళ్లలో కౌన్సిల్ సభ్యుల్ని జనమే ఓట్లేసి ఎన్నుకునేవారు. ఇండోనేషియాతో ఘర్షణ నడుస్తోందని 1965లో కేంద్రం ఆ ఎన్నికలు ఆపేసింది. 1976 స్థానిక ప్రభుత్వ చట్టంతో అవి పూర్తిగా పోయాయి. అప్పటినుంచి కౌన్సిలర్లను రాష్ట్ర ప్రభుత్వాలే నియమిస్తున్నాయి. అయినా ఏ స్థలంలో ఏ కట్టడం రావచ్చో అనుమతి ఇచ్చేది ఇప్పటికీ కౌన్సిలే.

కార్మికుల వసతి నియమాలు మాత్రం కేంద్రానివి. వెనకటి తెలుగువాళ్లు రబ్బరు తోటల కూలి లైన్లలో బతికారు. 1990 నాటి 446వ చట్టం కూడా మొదట తోటలకీ గనులకే పరిమితం. 2019లో దాన్ని సవరించారు. 2020 జూన్ నుంచి కన్‌స్ట్రక్షన్, ఫ్యాక్టరీ సహా అన్ని రంగాలకూ వర్తిస్తోంది. వసతి ఇచ్చే యజమాని కార్మిక శాఖ సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే.

అంటే స్థలం, బిల్డింగ్ అనుమతి కౌన్సిల్ చూస్తుంది. మంచాలు, నీళ్లు, మరుగుదొడ్లు, గదికి ఎంతమంది అన్నది కార్మిక శాఖ చూస్తుంది. పెద్ద క్యాంపు కట్టాలంటే రెండూ కావాలి. ఇక్కడ మనకి ఓటు లేదు, కౌన్సిలర్‌ని నిలదీయలేం. కానీ చట్టం మనకీ ఉంది. గదిలో మనుషుల్ని కుక్కితే ఫిర్యాదు ముందు కార్మిక శాఖకే ఇవ్వండి.