బొండాం వద్దనే మర్యాద

మలికిపురం వైపు చుట్టపుచూపుగా వెళితే కాఫీ మాట తరవాత, ముందు బొండాం కొట్టిస్తారు. వద్దంటే ఆ ఇల్లాలి మనసు చిన్నబోతుంది. కానీ మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి డాక్టర్లు వద్దనే వాటిలో ఇదే ముందుంటుంది. "ఉప్పు మానమంటే మానేను, బొండాం ఏం పాపం చేసిందే?" అని మా మేనత్తగారు అడిగితే, జవాబు కోసం పాత సంగతులన్నీ తిరగెయ్యాల్సొచ్చింది.

మన వరిచేలకీ కొబ్బరితోటలకీ గోదావరి కాలవలే ఆధారం. ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇక బొండాం గొప్ప మనమొక్కళ్ళమే చాటలేదు సుమండీ! 1942లో క్యూబాలోని హవానాలో డాక్టర్లు ఆ నీళ్ళు వడకట్టి పిల్లల నరాల్లోకి ఎక్కించి చూశారు. గ్లూకోజు సీసా బదులు బొండాం!

చిక్కల్లా అందులోని పొటాషియంతోనే. నూరు మిల్లీలీటర్లకి సుమారు 200 మిల్లీగ్రాములు. మంచి మూత్రపిండం ఎక్కువైనదాన్ని బయటికి తోసేస్తుంది. జబ్బుపడ్డది తొయ్యలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా.

రక్తాన్ని శుభ్రం చేసే యంత్రం లేనప్పుడు తిండీ, తాగే నీటి కొలతా తప్ప పెద్ద వైద్యమేదీ లేదు. 1943లో, జర్మన్ల ఏలుబడిలో ఉన్న హాలెండులో, కోల్ఫ్ అనే డాక్టరు సెలోఫేన్ గొట్టాలతో డయాలసిస్ యంత్రం కట్టేడు. దానివల్ల మొదటి ప్రాణం దక్కింది 1945లో. ఏళ్ళ తరబడి చేయించుకునే వీలు 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ వల్ల కలిగింది.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానమూ కొబ్బరితోటల సీమే. అక్కడ షుగరూ బీపీ లేనివాళ్ళకీ ఈ జబ్బు వస్తోంది. ఎందుకో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. వంశధార నీళ్ళు ఇళ్ళకి తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది.

మరి ఏం తాగాలంటారా? మంచినీళ్ళే మహారాజు. జబ్బు తొలి దశలో చాలామందికి నీటి కొలత ఉండదు. మూత్రం తగ్గినవాళ్ళకి మాత్రం నిన్నటి మూత్రమెంతో అంతకి మరో అరలీటరు కలిపి చెబుతారు సాధారణంగా. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లెక్కలోవే. అందుకే లోటా తీసేసి చిన్న గ్లాసు పెట్టడం మంచిది. నోరెండితే పుక్కిలించి ఉమ్మెయ్యొచ్చు. ఉప్పు లేకుండా కాసిని నిమ్మరసం పిండిన నీళ్ళు చాలామందికి పడతాయి. బత్తాయిరసంలో మళ్ళీ పొటాషియమే. నల్లటి కోలాల్లో ఫాస్ఫరిక్ ఆమ్లం ఉంటుంది, ఆ ఫాస్ఫరస్ ఎముకలకి చేటు. పాలు, మజ్జిగ ఎంతన్నది రక్తపరీక్ష చూసి డాక్టరుగారే చెప్పాలి. ఒకరి చీటీ ఇంకొకరికి పనికిరాదు.

బెల్లంలోనూ పొటాషియం దండిగానే ఉంది. శ్రీరామనవమి పానకం ఉద్ధరిణెడు తీర్థంలా పుచ్చుకుంటే రాములవారేమీ అనుకోరు లెండి.