పాచికలూ పిశాచాలూ

ఈనెపుల్లను వంచి విల్లు చేసుకొని, "నేను రాముణ్ణి, నీవు రావణుడివి" అని వీధి అరుగు మీద యుద్ధం చేయని బాల్యం మన ఇళ్ళలో అరుదు. రావణవేషం కట్టిన కొడుకును చూచి తల్లి నవ్వుకొన్నదే గాని, వీడు నిజంగా రాక్షసుడైపోతాడని భయపడలేదు. ఆ పిల్లవాడే పదహారేళ్ళు వచ్చి నాటకసమాజం వెంట తిరగనారంభిస్తే మాత్రం ఇంట్లో గాలి మారేది. తమకు తెలిసిన కథలో వేషం పెద్దలకు ముద్దు. తాము ప్రవేశించలేని లోకంలో వేషం వారికి భయం. ఈ భయమే 1980 ప్రాంతాన అమెరికాలో ఒక ఆటను పట్టుకొని ఊరూరా ప్రాకినది.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరివాడు గారీ గైగాక్స్, మిన్నెసోటావాడు డేవ్ ఆర్నెసన్ కలిసి దీనిని కల్పించినారు. గైగాక్స్ భీమా కంపెనీ ఉద్యోగం పోయిన తరువాత ఇంట్లో చెప్పులు బాగుచేసి సంసారం నడిపిన మనిషి. 1974లో వెలువడిన తొలి ముద్రణ 1,000 పెట్టెలు మాత్రమే. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు.

చదరంగానికి వలె దీనికి పలక అక్కరలేదు. ఒకడు నిర్వాహకుడు, తక్కిన వారిలో ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. "ఎదుట ఇనుపతలుపు ఉన్నది. లోపల ఏదో ఊపిరి తీస్తున్నది. ఏం చేస్తారు?" అని నిర్వాహకుడు అడుగుతాడు. వారు చెప్పినదానికి ఫలితాన్ని పాచిక నిర్ణయిస్తుంది. మన పాచికల వంటివి కావు; వాటిలో 20 ముఖాలు గలది కూడ ఉన్నది. గెలుపు ఓటములు లేవు. కథ వారాల తరబడి, నెలల తరబడి సాగుతుంది. కంటికి కనిపించనిదానిని మాటతో ఎదుట నిలబెట్టడమే మా రేడియోవారి వృత్తి కూడ గనుక, ఈ ఆటపై నాకు కొంత పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకొంటున్నాను.

ఈ కథలో మనవారు కూడ కొందరున్నారు. 1977 నాటి భూతాల పుస్తకంలో "రాక్షస" అనే పేరుతోనే ఒక జీవి కనిపిస్తుంది. దానికి పులితల, పెద్దమనిషి కోటు తొడుక్కొని పొగగొట్టం పట్టుకొని దర్జాగా కూర్చుంటుంది. 1980లో వచ్చిన దేవతల పుస్తకంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు, కాళి అంకెలతో కొలిచిన బలాబలాలతో సహా చేరినారు. మన పెద్దలు అప్పుడు దానిని చూచి ఉంటే ఏమనేవారో గాని, అక్కడి తల్లిదండ్రుల కంట బడినవి తమ మతం చెప్పే దయ్యాలూ పిశాచాలూ. అదే 1980లో యూటా రాష్ట్రంలోని హీబర్ అనే ఊళ్ళో తెలివైన విద్యార్థులకోసం పాఠశాలలో ఈ ఆట నడుపుతుండగా తల్లిదండ్రులు గట్టిగా అభ్యంతరం చెప్పినారు. పాఠశాలవారు దానిని మాన్పించినారు.

అప్పటికే ఒక దుర్ఘటన పత్రికలకెక్కినది. 1979 ఆగస్టులో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 16 సంవత్సరాల విద్యార్థి ఒకడు మాయమైనాడు. అంత చిన్న వయస్సులోనే అక్కడ చేరిన మేధావి. వెదకడానికి వచ్చిన విలియం డియర్ అనే అపరాధ పరిశోధకుడికి గదిలో గుండుసూదులు గుచ్చిన అట్ట ఒకటి కనిపించినది. భవనాలకు ఆవిరి గొట్టాలు పోయే సొరంగాల్లో పిల్లవాడు ఆ ఆట ఆడుతూ చిక్కుకొన్నాడేమోనని ఆయన ఊహించినాడు; పత్రికలకు ఆ ఊహ చాలినది. పిల్లవాడు ఒక నెల తరువాత లూసియానాలో సజీవంగా దొరికినాడు. ఆటకు, ఆ పోకకు సంబంధమే లేదు. ఒంటరితనం, చదువు ఒత్తిడి భరించలేక ప్రాణం తీసుకొనే తలంపుతో వెళ్ళినాడు. మరుసటి సంవత్సరమే ఆ విషాదం నిజమైపోయినది. డియర్ ఈ వాస్తవాన్ని పుస్తకంగా బయటపెట్టినది 1984లో. ఈలోగా 1981లో ఆ వార్తల ఆధారంగా రోనా జాఫీ నవల వ్రాసినది. 1982లో దానినే టెలివిజన్ చిత్రంగా తీసినారు. అందులో ఆటలో పడి మతి చెడిన యువకుడుగా నటించినవాడు టామ్ హాంక్స్. దేశానికి గుర్తున్నది ఆ చిత్రమే.

అదే 1982లో వర్జీనియాలో పట్రీషియా పుల్లింగ్ అనే తల్లి కుమారుడు ఆత్మహత్య చేసుకొన్నాడు. పాఠశాలలో ఆడిన ఆటలో వాడి పాత్రకు తగిలిన శాపమే కారణమని ఆమె నమ్మినది. ప్రధానోపాధ్యాయుడి మీద, ఆట ప్రచురించిన కంపెనీ మీద దావాలు వేసినది, న్యాయస్థానాలు త్రోసిపుచ్చినవి. 1983లో ఈ ఆటకు విరోధంగా ఒక సంఘం స్థాపించి ఊరూరా ఉపన్యసించినది. 1985లో సిక్స్టీ మినిట్స్ అనే ప్రసిద్ధ టెలివిజన్ కార్యక్రమంలో ఒకవైపు ఆమె, మరొకవైపు గైగాక్స్ కనిపించినారు.

ఆమె లెక్కలను నవ్వులపాలు చేయడం సులభమే. రిచ్మండ్ నగర ప్రాంతంలో నూటికి 8 మంది సైతాను ఉపాసకులని ఆమె ఒకసారి చెప్పినది. ఎలాగంటే, యువకులలో నూటికి నలుగురు, పెద్దలలో నూటికి నలుగురు, కలిపితే 8! ఈ విధంగా శాతాలను కూడరాదని మూడవ ఫారం పిల్లవాడికైనా తెలుస్తుంది. మైకేల్ స్టాక్పోల్ అనే రచయిత 1990లో ఆమె వాదాలన్నిటినీ ఒక్కొక్కటిగా పరిశీలించి ఖండించినాడు. మానసిక శాస్త్రజ్ఞుల పరిశోధనలలోను ఆట ఆత్మహత్యకు కారణమని తేలలేదు. లక్షలాది పిల్లలు ఆడే ఆట గనుక, చనిపోయిన కొందరి గదుల్లోనూ ఆ పుస్తకాలు ఉండక తప్పదు.

ఐనను ఆ తల్లి ముఖం తలచుకొన్నప్పుడు నాకు నవ్వు రాదు. నిన్న సాయంత్రం వరకు ఇంట్లో తిరిగిన బిడ్డ ఎందుకు పోయినాడో ఎవరూ చెప్పలేదు. గదిలో పిశాచాల బొమ్మలున్న పుస్తకం ఒకటి దొరికినది. ఏ కారణమూ లేకపోవడం కన్న ఒక తప్పుడు కారణమైనా ఆమెకు ఊతమైనది. తప్పు పట్టవలసివస్తే, కెమెరాలతో ఆ దుఃఖం చుట్టూ మూగి, లెక్క సరిచూడని వారిని ముందు పట్టాలి. ఇందులో మా ప్రసారవృత్తి వారు కూడ లేకపోలేదు.

కంపెనీవారికి రెండువైపుల లాభమే జరిగినది. నింద పెరిగినకొద్దీ అమ్మకాలు పెరిగినవి. ఐనా తల్లిదండ్రుల ఉత్తరాలకు జంకి, 1989 నాటి రెండవ కూర్పులో పిశాచం, దయ్యం అనే మాటలనే తీసివేసి, వాటికి తనారీ, బాటెజూ అని అర్థంలేని కొత్తపేర్లు పెట్టినారు. పేరు మారినదే గాని కోరలు మారలేదు. 2000లో వచ్చిన మూడవ కూర్పుతో పాతమాటలు మళ్ళీ వచ్చి చేరినవి. అప్పటికి అడిగేవారు తగ్గినారు. మూసిన తలుపు వెనుక గుసగుసలాడిన ఆ పిల్లలే పెద్దవారై, తమ పిల్లలకు తామే నిర్వాహకులై పాచికలు చేతికిచ్చినారు.

2024లో ఆ ఆటకు 50 సంవత్సరాలు నిండినవి. అమెరికా తపాలాశాఖవారు ఆ సందర్భంగా మహాసర్పాల బొమ్మలతో తపాలా బిళ్ళలు విడుదల చేసినారు.