ఐస్ యాక్స్ మీద నిలిచిన గుడారం

హిమాలయాల ట్రెక్కింగ్‌కు టెంటు కొనబోయే మా విశాఖ కుర్రాళ్లు ముందుగా అడిగేది బరువే: "ఎన్ని కిలోలు సార్?" నేను మాత్రం పోల్స్ తీసి చూపించమంటాను. ఈ గుడారాల చరిత్ర చదివేకొద్దీ బరువు కన్నా పోల్సే ముఖ్యమన్న నమ్మకం నాకు గట్టిపడింది.

1860లలో ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ మీద పంతం పట్టిన ఎడ్వర్డ్ వింపర్ తన గుడారాన్ని తనే రూపొందించుకున్నాడు. రెండు చివర్లా ఒక్కో జత కర్రలు పైన ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఆ జతల మీదుగా పోయే తాడును ముందూ వెనకా బండలకు బిగించాలి. నేల గుడ్డను గోడలకే కలిపి కుట్టించాడు. నలుగురు పడుకోవచ్చు గానీ పది కిలోలు దాటేది. ఆ బరువు మోయడానికే ఒక మనిషి కావాలి.

తర్వాతి తరంలో మమ్మరీ అనే పర్వతారోహకుడు గైడ్లు లేకుండానే కొండలెక్కడం మొదలుపెట్టాడు. తన సామాను తనే మోసుకోవాలి కనుక పల్చటి పట్టుగుడ్డతో రెండు కిలోల లోపు గుడారం కుట్టించాడు. గుంజలుగా ఎలాగూ చేతిలో ఉండే ఐస్ యాక్స్‌లనే నిలబెట్టాడు. లోపలికి పాకుతూ వెళ్లాల్సిందే. 1895లో నంగా పర్బత్ మీద రఘోబీర్, గోమన్ సింగ్ అనే ఇద్దరు గూర్ఖాలతో పాటు ఆయన కనిపించకుండా పోయినా, ఆ రకం గుడారానికి ఆయన పేరే నిలిచిపోయింది.

నన్ను బాగా కదిలించేది 1922 మే నెల ఎవరెస్ట్ కథ. సుమారు 7,770 మీటర్ల ఎత్తున జార్జ్ ఫించ్, జెఫ్రీ బ్రూస్, గూర్ఖా సైనికుడు తేజ్‌బీర్ ఒకే చిన్న గుడారంలో ఉన్నారు. రాత్రంతా తుపాను. గాలి నేల గుడ్డ కిందికి దూరి గుడారాన్ని మనుషులతో సహా పైకి లేపబోయింది. దాన్ని నేలకు అదిమి ఉంచింది ముగ్గురి ఒళ్ల బరువే. మధ్యమధ్య వంతులవారీగా బయటికి వెళ్లి తాళ్లు బిగించి వచ్చేవారు. మర్నాడు సాయంత్రం కిందనున్న నార్త్ కోల్ శిబిరం నుంచి పోర్టర్లు ఫ్లాస్కుల్లో వేడి టీ మోసుకొచ్చారు. ఆ ఎత్తుకు, ఆ వాతావరణంలో! ఆ పోర్టర్ల పేర్లు కూడా ఫించ్ పేరంత ప్రచారంలో ఉండాల్సింది. మూడో రోజు ఫించ్, బ్రూస్ 8,300 మీటర్లు దాటారు. అప్పటికి అంత ఎత్తు ఎవరూ ఎక్కలేదు.

ఆ తర్వాత నైలాన్ వచ్చి బరువు తగ్గించింది. అసలు మలుపు మాత్రం 1975లో నార్త్ ఫేస్ కంపెనీ తెచ్చిన ఓవల్ ఇంటెన్షన్ అనే టెంటు. డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోపురాల సూత్రంతో, వంగే పోల్స్‌ను చాలాచోట్ల ఒకదాని మీదుగా ఒకటి పోనిచ్చి త్రికోణాలు ఏర్పరిచారు. గాలి ఏ వైపు నుంచి కొట్టినా ఆ తాకిడి అన్ని పోల్స్‌కూ పంచుకుపోతుంది. పాత గుడారాల్లో చదునైన గోడ గాలికి ఎదురుపడితే ఆ వీలుండేది కాదు.

ఇప్పుడు కిలో కూడా తూగని టెంట్లు ట్రెక్కింగ్ కర్రల మీద నిలబడుతున్నాయి. అది మమ్మరీ పద్ధతే, నాకు ఇష్టమే. చెట్ల చాటున, తాళ్లు గట్టిగా కట్టుకునే ఓపిక ఉంటే చాలు. చెట్లు దాటిన బయలు మీద, గాలి దిక్కు మార్చే చోట మాత్రం పోల్స్ కనీసం మూడు చోట్ల దాటుకునే టెంటే తీసుకోమంటాను, ఇంకో కిలో బరువైనా సరే. కొనేముందు షాపులోనే టెంటు వేయించి, పక్క గోడను అరచేత్తో గట్టిగా నెట్టి చూడండి. గోడ మధ్యలో తాడు కట్టే కుట్టు ఎంత బలంగా ఉందో లాగి చూడండి. బరువు ఆ తర్వాత అడగవచ్చు.