ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలిన కథ

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

మన సంఘంలో చాలా ఇళ్లలో పిల్లలు వైద్యం, నర్సింగ్, ఫార్మసీ చదువుతున్నారు. వాళ్ల కోసమే ఈసారి యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను. ఆయన మందుల గురించి అందరూ చెబుతారు. నేను చెప్పేది ఆయన పేరు సంగతి.

1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి హార్వర్డ్ చేరారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్‌ని రంగు సాయంతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ల్యాబుల్లో అది ఇద్దరి పేరుతోనే నిలిచింది. 1929లో ఏటీపీ మీద వచ్చిన వ్యాసంలోనూ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లిపోయారు. ఆయన విడదీసిన కొన్ని న్యూక్లియోటైడ్ల సంగతి ఫిస్కే అసూయతో బయటికి రానివ్వలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ అప్పటి సహచరుడు జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఈ హిచింగ్స్‌కే 1988లో నోబెల్ వచ్చింది.

1948 జూన్‌లో సిడ్నీ ఫార్బర్ బృందం పిల్లల రక్తక్యాన్సర్‌కి అమినోప్టెరిన్ వాడిన వ్యాసం వెలువరించింది. ఆ మందు సుబ్బారావు గారి బృందం తయారుచేసినదే. రచయితల వరుసలో మాత్రం ఆయన లేరు. ఆ ఆగస్టులోనే కన్నుమూశారు.

పేరు ఉన్నచోట కూడా సగమే ఉంది. మనకి ఇంటిపేరు ముందు, అమెరికా వాళ్లకి చివర. అందుకని సూచికల్లో ఆయన్ని ‘సు’ దగ్గర వెతకాలి. యల్లాప్రగడ అన్నది ‘వై’ అనే ఒక్క అక్షరమైపోయింది. 1879లో మొదలైన ఇండెక్స్ మెడికస్ నుంచి నేటి పబ్‌మెడ్ దాకా వైద్య వ్యాసాలు దొరికేది సూచికల్లోనే. అక్కడ పేరు చీలితే మనిషి పనీ చీలిపోతుంది.

ఈ చిక్కు మన ఊరికి తెలియనిది కాదు. 1962లో బెంగళూరులో గ్రంథాలయ శాస్త్రానికి పరిశోధన కేంద్రం పెట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు, అంతకు చాలా ముందే తన కేటలాగు నియమాల్లో భారతీయుల పేర్లు ఎలా రాయాలో ఆలోచించారు. పేరుని యజమాని అలవాటు ప్రకారం నమోదు చేయడం కూడా న్యాయమే.

ఇప్పుడు పదోన్నతికి వ్యాసాలు లెక్కపెడతారు. ఒకే అమ్మాయి ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట తండ్రి పేరుతో, పెళ్లయ్యాక మరోలా రాస్తే ముగ్గురు మనుషులుగా కనిపిస్తుంది. 2012 నుంచి ఆర్కిడ్ అని 16 అంకెల గుర్తింపు ఉచితంగా ఇస్తున్నారు. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ కాలేజీల్లో దాదాపు 13,000 జర్నల్స్ చదువుకోవచ్చు. చదివే దారి కొంత తెరుచుకుంది. రాసేచోట ఇంకా ఫీజులున్నాయి, డబ్బు గుంజే దొంగ జర్నల్స్ ఉన్నాయి.

కాబట్టి పిల్లలకి ఒక్క మాట చెప్పండి. మొదటి వ్యాసం పంపే ముందు కాలేజీ లైబ్రేరియన్‌ని కలవమనండి. ఏ జర్నల్ మంచిదో, పేరు ఎలా రాయాలో చెప్పగలిగేది వాళ్లే. ఇంటిపేరు పూర్తిగా రాయాలో వద్దో ఆ రోజే తేల్చుకుని, చివరిదాకా అలాగే రాయమనండి.