బోరుకొచ్చిన బండి

‘బండి బోరుకొచ్చింది’ అని మెకానిక్ తేల్చేస్తే ఒకప్పుడు కారున్నవాళ్ల గుండెల్లో రాయి పడేది. అప్పటికే లక్షణాలన్నీ కనబడుతూ ఉండేవి. వెనక గొట్టంలోంచి నీలం పొగ, డిప్‌స్టిక్ ఎప్పుడు తీసి చూసినా అడుగున తడి, బంకుకు వెళ్లినప్పుడల్లా పెట్రోలుతో పాటు ఓ ఆయిలు డబ్బా. ఈ బోరు విసుగు బోరు కాదు, సిలిండరు రంధ్రం. పిస్టన్ ఏళ్ల తరబడి పైకీ కిందికీ తిరిగి అది అరిగిపోయాక మళ్లీ తొలిపించాల్సిందే.

ఆ అరుగుదల అంతటా ఒకేలా ఉండదు. పిస్టన్ మీది రింగు పైకెళ్లి ఆగి వెనక్కి తిరిగే చోట ఎక్కువ. సిలిండరు హెడ్డు విప్పి, గోడ మీద వేలుగోరుతో కిందినుంచి పైకి గీస్తే పై అంచు దగ్గర చిన్న మెట్టు తగులుతుంది. మీటరు తిరిగిన అంకె మీద నమ్మకం లేనివాళ్లు కూడా ఆ మెట్టును నమ్మేవారు.

పిస్టన్‌కు రింగు తొడగడం కార్ల కంటే పాత సంగతి. ఆవిరి యంత్రాల్లో పిస్టన్ చుట్టూ జనపనార చుట్టి లీకు ఆపుతున్న రోజుల్లో, 1850ల్లో, ఇంగ్లండులో రైలింజన్లు కట్టే జాన్ రామ్స్‌బాటమ్ ఒకచోట తెగి ఉన్న లోహపు రింగును తెచ్చాడు. స్ప్రింగులా విచ్చుకుని గోడకు అతుక్కోవడమే దాని గుణం. ఆ తర్వాత అమెరికాలోని ఇండియానాలో టీటర్ కుటుంబపు పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీ రింగులకే పేరుపడింది. ఆ కంపెనీని నడిపిన రాల్ఫ్ టీటర్‌కు అయిదేళ్ల వయసులోనే ప్రమాదంలో చూపు పోయింది. చేతి స్పర్శతోనే యంత్రాలను చదివిన మనిషి. ఇవాళ హైవే మీద మనం నొక్కే క్రూజ్ కంట్రోల్ కూడా ఆయన బుర్రలో పుట్టిందే!

పిస్టన్ మీద సాధారణంగా మూడు రింగులుంటాయి. పై రెండూ ముఖ్యంగా మంటల ఒత్తిడిని ఆపడానికి, కిందిది గోడ మీది ఆయిలును గీకి కిందికి దింపడానికి. ఈ మూడోది మొరాయిస్తే ఆయిలు పైకెక్కి పెట్రోలుతో కలిసి కాలిపోతుంది.

అసలు అరుగుదల ఎందుకొస్తుంది? రాపిడి వల్లే అని అందరూ అనుకునేవారు. 1930ల్లో బ్రిటన్‌లో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంస్థ తరఫున సి.జి. విలియమ్స్ చేసిన పరీక్షలు మరో దోషిని పట్టుకున్నాయి: తుప్పు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజన్ వేడెక్కకముందే ఆపేస్తే ఆ తేమ ఆమ్లాలతో కలిసి చల్లటి గోడ మీద చేరి ఇనుమును తినేస్తుంది. విజయవాడ నుంచి హైదరాబాదు ఏకబిగిన పరుగెత్తే కారు కంటే, రోజూ కూరల బజారుదాకా వెళ్లొచ్చే కారే ముందు బోరుకొస్తుందంటే నమ్మబుద్ధి కాదు. కారణం మాత్రం ఇదే.

మన దేశంలో ఈ అరిగిన బోరు తొలిచే పని వృత్తిగా స్థిరపడ్డానికి ఇంజనీరింగ్ కంటే లైసెన్సుల రాజ్యమే పెద్ద కారణం. కొత్త కారు కోసం ఏళ్లకేళ్లు వేచి ఉండాల్సిన రోజుల్లో పాతదాన్ని బతికించుకోవడం తప్ప దారేముంది? 1949లో మద్రాసులో ఇండియా పిస్టన్స్ మొదలైంది. 1960ల్లో విజయవాడలో ఆటోనగర్ వెలిసింది. లేతు మిషన్లు, బోరింగ్ మిషన్లు పక్కపక్కనే చేరాయి.

అంబాసిడర్ 1489 సి.సి. ఇంజన్ సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని థౌల లెక్కన పెంచుతూ పోయేవారు. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. నలభై థౌ దాటితే, అంటే దాదాపు ఒక మిల్లీమీటరు, లోపల స్లీవు దించి మళ్లీ మొదటి కొలతకు తెచ్చేవారు. అలా ఒకే బ్లాకు రెండు మూడు జన్మలెత్తేది. తొలిచాక గోడను అద్దంలా నునుపు చేస్తే పని చెడినట్టే. హోనింగు రాయితో ఏటవాలుగా, ఒకదాన్నొకటి ఖండించే సన్నటి గీతలు పెట్టాలి. ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే. బయటికొచ్చిన బండిని మొదటి కొన్ని వందల మైళ్లు పెళ్లికూతురిలా నెమ్మదిగా నడిపించేవారు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఆ తర్వాత మెరుగైన లోహాలు, మంచి ఫిల్టర్లు, నాణ్యమైన ఆయిలు కలిసి బోరు మాటను కార్ల షెడ్లలో అరుదు చేశాయి. 2014లో జనవరిలో మారుతి 800, మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాయి. ఇప్పటి అల్యూమినియం బ్లాకులు కొన్నింటిని తొలిపించే వీలే లేదు.

అయినా పాత షెడ్ల పద్ధతి ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారు ఆయిలు తాగుతోందంటే, పొగ ఎప్పుడొస్తోందో ముందు గమనించాలి. పొద్దున్నే స్టార్టు చేయగానే ఓ గుప్పెడు పొగ కొట్టి ఆగిపోతే అనుమానం వాల్వు సీళ్ల మీద. వాటిని మార్చడం ఇంజన్ దింపడమంత ఖర్చు కాదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆగకుండా వస్తే రింగుల మీద. అప్పుడు కంప్రెషన్ కొలిపించి, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిలు పోయించి మళ్లీ కొలిపించండి. అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లోనో గోడల్లోనో ఉన్నట్టు. ఈ రెండు కొలతలూ చూడకుండా ఇంజన్ విప్పుతానంటే ఒప్పుకోకండి.